ముప్ఫై ఆరు ఫొటోల రీలు

నాకు రోషం ఎక్కువ. ఈ మాట మొదటే చెప్పేస్తే మీకూ నాకూ పని తేలిక.

పనిచేసేది ఆసుపత్రి బట్టల గదిలో. రోజంతా తెల్ల దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతపెట్టడమే. ఉండేది ఒంటి గదిలో. నాకంటూ ఉన్నది అక్క ఒక్కతే. తనూ కూతురి దగ్గర, రైల్లో ఒక పగలంతా కూర్చుంటే గానీ చేరలేనంత దూరంలో ఉంటుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. అయినా మేమిద్దరం కలిసి ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. అక్క పెళ్లిలో అందరినీ వరుసగా నిలబెట్టి తీస్తుంటే, నన్ను వదిలి పోతోందని అలిగి మంచం కింద దూరాను. ఎంతమంది బతిమాలినా బయటికి రాలేదు.

ఆ అక్కకి కళ్లు పోతున్నాయి. నాలుగైదు నెలలకు మించి చూపు నిలవదని డాక్టరు తేల్చేశాడట. ఈలోగా వచ్చి రెండు రోజులు ఉండి వెళ్తానని నా పనిచోటికి ఫోను చేసింది. ఈసారైనా ఇద్దరం కలిసి ఒక ఫొటో దిగుదామంది. "చూపుండగా చూసుకుంటానే," అంది.

ఉద్యోగం మారి వెళ్లిపోతున్న నర్సు ఒకావిడ తన పాత కెమెరా అమ్ముతుంటే కొన్నాను. ఇక రీలు కావాలి. సందు చివర ఫొటో స్టూడియో ఉంది. స్టూడియో ఆయన బల్ల మీద డబ్బాలు వరుసగా పెట్టి ఓపిగ్గా చెప్పాడు. ఎండలో తీసేటట్టయితే డబ్బా మీద వంద అంకె ఉన్న రీలు చాలట, ఇంట్లో వెలుతురు తక్కువ కాబట్టి నాలుగు వందలది ఉండాలట. నలుపు తెలుపుది కడగాలంటే వేరే చోటికి పంపాలి, ఆలస్యమవుతుందట. నాలుగు వందల రంగుల రీలే అడిగాను. అంతవరకూ బుద్ధిగానే ఉన్నాను. అప్పుడాయన పన్నెండు ఫొటోలదా, ముప్ఫై ఆరుదా అని, అంతటితో ఊరుకోక, "ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?" అన్నాడు.

ఒక్కదాన్నే అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? అనలేకపోయాను. ఇంటినిండా జనమే అనేశాను. అయితే ముప్ఫై ఆరే తీసుకోండి, అంత మందిలో రెండు రోజులకే అయిపోతుందన్నాడు. రీలంతా అయ్యాకే తెమ్మన్నాడు, మధ్యలో కడిగితే మిగిలింది దండగట. సరేనని మహారాణిలా తలూపి వచ్చాను.

అక్క వచ్చింది. వచ్చిన మనిషిని కుదురుగా కూర్చోనిస్తేనా! కిటికీ దగ్గరికి జరుగు, ఇటు కాదు అటు, మబ్బు పట్టింది కాసేపాగు అంటూ రెండు రోజులూ నా హడావిడే. ఒక్క ఫొటో తీసి ఎన్నయ్యాయో అంకె చూడటం, మళ్లీ సర్దడం. డబ్బాల మీద కెమెరా నిలబెట్టి, దానంతటదే తీసే మీట నొక్కి, పరుగున వచ్చి అక్క పక్కన కూర్చోవడం. అలా మూడు తీశాను. రైలెక్కేటప్పుడు అక్క నా చెంప తడిమి, తొందరగా పంపమంది.

ముప్ఫై మూడు మిగిలాయి. మర్నాడే ఇచ్చి కడిగించొచ్చు. కానీ ఇంటినిండా జనమన్నదానివి మూడే ఏమిటమ్మా అంటాడేమో! ఆ ఒక్క మాటకి జడిసి రీలు నింపడం మొదలుపెట్టాను. ఎవర్ని తీయను? ఇస్త్రీ బల్లని తీశాను. ఆరేసిన దుప్పట్లని తీశాను. గేటు దగ్గర కాపలాదారు తల దువ్వుకుని మరీ నిలబడితే ఆయన్ని రెండుసార్లు తీశాను. ఆదివారాలు గదిలో కూర్చుంటే తీయడానికి నా కుర్చీ తప్ప ఏమీ కనిపించేది కాదు. అక్క ఫోను చేసినప్పుడల్లా ఇంకొన్నే మిగిలాయి, అయిపోవచ్చాయి అనేదాన్ని.

అయ్యేసరికి ఐదో నెల వచ్చింది. స్టూడియో ఆయన కడిగి, కవరులో పెట్టి చేతికిచ్చాడు. ఎవరి ఫొటోలో పట్టించుకోలేదు, ఒక్క మాటా అడగలేదు. నన్ను గుర్తుపట్టాడో లేదో కూడా తెలియదు. మూడింటిలో ఒకటే బాగా వచ్చింది. దానికి రెండు కాపీలు తీయించి, ఒకటి ఆ రోజే పోస్టు చేశాను.

వారానికి అక్క ఫోను వచ్చింది. ఫొటో చేతిలోనే ఉందట, నున్నగా ఉందట.

"ఎలా ఉన్నామే?" అంది.

చూపు ఎప్పుడు పోయిందని అడిగాను. పది రోజులైందంది. అప్పుడు దాచలేకపోయాను. స్టూడియోలో ఏమన్నదీ, ఎందుకు ఆలస్యం చేసిందీ అంతా చెప్పి ఏడ్చాను. అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఏడుపు తర్వాత. ముందు ఫొటోలో ఏముందో చెప్పు," అంది.

సంచిలోంచి నా కాపీ తీసి, చూస్తూ చెప్పాను. నేను కళ్లు పెద్దవి చేసుకుని కెమెరా వైపు చూస్తున్నాను. అక్క మాత్రం చూడటం లేదు. అంతసేపు సర్దినా పాడుచేసింది. నా వైపే తిరిగి, నా మొహంలోకే చూస్తోంది.

"నువ్వు కెమెరాకేసి చూడలేదక్కా," అన్నాను.

"అదెందుకే నాకు? నిన్ను చూడ్డానికి వచ్చాను. రెండు రోజులూ కళ్లారా చూసుకున్నా," అంది.

నేను ఆ రెండు రోజులూ కెమెరా మీద అంకెనే చూసుకున్నాను.