గైడు గారి మొగుడు

నా పెళ్ళాం నన్ను "మోరుప్ గారూ" అని పిలిచినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లో "ఇదిగో" అంటుంది, "నిన్నే" అంటుంది, కోపమొస్తే అంతకన్నా పెద్ద మాటలే అంటుంది. అవన్నీ నాకిష్టమే. ఆ "గారూ" ఒక్కటే గిట్టదు. అది దారి మీద మాట, పనివాళ్ళని పిలిచే మాట.

చోరోల్ గైడు. లేహ్‌లో ఆడవాళ్ళే నడిపే ఒక కంపెనీ ఆమెకి అతిథుల్ని అప్పజెబుతుంది. ఆమె వాళ్ళని మార్ఖా లోయ వెంట నడిపించి, రాత్రికో ఊళ్ళో ఎవరో ఒకరింట్లో దించి, చివరికి కోంగ్మారు కనుమ దాటించి అవతల రోడ్డెక్కిస్తుంది. వాళ్ళ సామాను మోసేవి నా గుర్రాలు. ముందు ఆమె, ఆమె వెనక అతిథులు, అందరికన్నా వెనక గుర్రాల దుమ్ము మింగుతూ నేను.

మేం మొగుడూ పెళ్ళాలమని అతిథులకి చెప్పకూడదు. అది ఆమె పెట్టిన నియమం. కారణం లేకుండా పెట్టిందని నేననను. మొదటి ఏడాది అందరికీ చెప్పింది. ఒక మధ్యాహ్నం ఏరు పొంగి ఉంటే "ఇప్పుడొద్దు, రేపు పొద్దున్నే దాటుదాం" అంది. వచ్చినవాళ్ళంతా తల తిప్పి నా వంక చూశారు. "మీ ఆయన్ని కూడా ఓసారి అడగండి" అన్నారు. నేను చెప్పిందీ ఆ మాటే, కానీ నేను చెప్పాకే విన్నారు. ఇంటికొచ్చాక చోరోల్ పొయ్యిలో పిడకలు వేస్తూ, "ఇకమీదట దారిలో నాకు మొగుడు లేడు, గుర్రాలాయన ఉన్నాడు. సరేనా?" అంది. సరేనన్నాను. వెచ్చగా పొయ్యి పక్కన కూర్చుని సరేననడానికేం, ఎవరైనా అంటారు.

ఈ వేసవిలో ఒక జర్మనీ గుంపు వచ్చింది. ముగ్గురే. పీటర్ అనే రిటైరైన మాస్టారు, ఆయన భార్య హన్నా, వాళ్ళకి ఏమీ కాని లూకస్. ఈ లూకస్‌కి ముప్పై ఏళ్ళుండవు. మా ఇళ్ళ గుమ్మాల్లోంచి రావాలంటే సగానికి వంగాలి, అంత పొడుగు. ఢిల్లీలో ఉండి హిందీ నేర్చుకున్నాడట, కబుర్లకి కొదవ లేదు. మొదటి రోజు నుంచీ చోరోల్ మడమలు తొక్కేంత దగ్గరగా నడిచాడు. వాడేదో చెప్పడం, ఆమె పకపకా నవ్వడం. గాలి ఎటు తిరిగినా ఆ నవ్వు నా దాకా వచ్చేది. ఆమె అలా నవ్వగలదని నాకు తెలుసు. నా మాటలకి ఎప్పుడు నవ్విందా అని స్కియూ ఊరు వచ్చేదాకా ఆలోచించాను, ఒక్కటీ గుర్తురాలేదు.

స్కియూలో నేను బరువులు సరిచేస్తుంటే లూకస్ నా దగ్గరికి వచ్చి దోసెడు బాదం పప్పులు నా చేతిలో పోశాడు.

"మోరుప్ భాయ్, మీ గైడుకి పెళ్ళయిందా?"

నేను తాడు ముడి బిగించాను. గుర్రం మూలిగింది.

"అయింది."

"ఆయన ఎలాంటివాడు?"

"మంచివాడు. ఒంట్లో బలముంది. కోపమే కాస్త ఎక్కువ."

"అయ్యో పాపం" అన్నాడు. ఆ పాపం ఎవరి మీదో అర్థం కాలేదు. "ఆమెని పేరు పెట్టి పిలవడం బాగోలేదు. మీవాళ్ళు ఆడవాళ్ళని మర్యాదగా ఏమంటారు?"

ఆ బాదం పప్పులు నములుతూ ఒక్క క్షణం ఆలోచించాను. "అబీ అనండి. చాలా సంతోషిస్తుంది."

మా వైపు అబీ అంటే అమ్మమ్మ.

మార్ఖాలో మేమెప్పుడూ దిగేది పల్జెస్ పెద్దమ్మ ఇంట్లో. ఆమె వంటింట్లో గోడ వెంట పరిచిన తివాచీల మీద అందరూ వరసగా కూర్చోవాలి. పొయ్యి పక్కన ఉన్నది పెద్ద చోటు, గుమ్మం పక్కన ఉన్నది చిన్న చోటు. వచ్చిన ప్రతివాడూ కింద కూర్చుంటాననాలి, మిగతావాళ్ళు చెయ్యి పట్టి పైకి లాగాలి. అదే మర్యాద. ఆ సాయంత్రం చోరోల్‌ని పొయ్యి పక్కన కూర్చోబెట్టారు, గైడు కదా. రెండో చోటులోకి లూకస్‌ని లాగారు. నేను గుమ్మం దగ్గర, అందరూ విప్పిన బూట్ల పక్కన కూర్చున్నాను. "పైకి జరుగు" అని నన్ను మాటవరసకైనా ఎవరూ అనలేదు.

పెద్దమ్మ వెన్న చాయ్ పోసింది. లూకస్ ఒక గుటక వేసి, చోరోల్ వైపు వంగి, ఎంతో గౌరవంగా, "అబీ, చాయ్ చాలా బాగుంది కదా" అన్నాడు.

పెద్దమ్మ చేతిలో గరిటె కింద పడింది.

"ఏమే చోరోల్! నీకు మనవడెప్పుడు పుట్టాడే? ఇంత పొడుగెలా పెరిగాడే?" ఆమెకి నవ్వాగక కళ్ళ నీళ్ళొచ్చాయి. "అబీ ఇక్కడుంది సరే, మరి తాతేడీ?"

చోరోల్ నా వంక ఒక్క చూపు చూసింది. ఎవరు నేర్పారో ఆమెకి తెలిసిపోయింది. "తాత గుమ్మం దగ్గర బూట్లకి కాపలా ఉన్నాడులే పెద్దమ్మా" అంది మా భాషలో. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఎందుకో తెలియకపోయినా పీటర్ దంపతులు కూడా నవ్వారు.

వాడిని నవ్వులపాలు చేద్దామనుకుంటే నేనే అయ్యాను. అది కూడా ఓర్చుకునేవాడినే. ఆమె లూకస్‌కి ఆ మాటకి అర్థం చెప్పింది. వాడికి కోపం రాకపోగా చప్పట్లు కొట్టి నవ్వాడు. ఆ నిమిషం నుంచి వాడు "అబీ" అంటే ఆమె "ఏం మనవడా" అంటోంది. మాకు పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది, నాకో ముద్దుపేరు లేదు. వాడికి నా చేత్తో నేనే ఇచ్చాను.

భోజనాలయ్యాక గుర్రాలకి గడ్డి వెయ్యడానికి వెళ్తే చోరోల్ వెనకే వచ్చింది.

"బుద్ధుందా నీకు? అతిథికి ఆ మాట నేర్పుతావా?"

"వాళ్ళకి చెప్పు, నేను నీ మొగుణ్ణని."

"కనుమ దాటాక చెప్తా. రోడ్డు మీద జీపు ముందు నిలబడి, నీ చెయ్యి పట్టుకుని చెప్తా. సరేనా?"

"ఇప్పుడే చెప్పు."

"ఇప్పుడు చెప్తే, రేపు పైన ఏదైనా అయితే వాళ్ళు ఎవరి వంక చూస్తారు? నా వంకా, నీ వంకా?"

"వాడిప్పుడు నీ వంకే చూస్తున్నాడు. రెప్ప కూడా వెయ్యట్లేదు."

"చూస్తే అరిగిపోతానా?" అంది. గుర్రం మెడ మీద చెయ్యి వేసి, కాస్త మెత్తగా, "ఈ పని కోసం నేనెంత కష్టపడ్డానో నీకంటే ఎవరికి తెలుసు? నాలుగు రోజులు ఓర్చుకో, మోరుప్" అంది.

ఆ మెత్తదనానికి నేను కరగాల్సింది. కరిగానో లేదో, లోపలి నుంచి లూకస్ "అబీ!" అని కేకేశాడు, ఆమె "వస్తున్నా" అంటూ వెళ్ళిపోయింది.

హంకర్ దాటాక ఊళ్ళుండవు. నిమాలింగ్ పచ్చిక మీద గుడారాలు, చుట్టూ మంచు, పైన కనుమ. లూకస్ ఆ రోజంతా అందరికన్నా ముందు నడిచాడు, తన బలం ఆమె చూడాలని. సాయంత్రం నేను గుర్రాల దొడ్డి దగ్గరికి వెళ్ళేసరికి రాతిగోడ వెనక వంగి కక్కుకుంటున్నాడు. మొహం బూడిదలా ఉంది. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"అబీకి చెప్పొద్దు భాయ్. పొద్దున్నకి తగ్గిపోతుంది."

చెప్పలేదు. చెప్పొద్దని అడిగింది వాడే కదా. నా పని గుర్రాల్ని చూడటం, మనుషుల్ని చూడాల్సింది గైడు గారు. ఆమె గుడారంలో అందరికీ సూప్ పోస్తూ "ఎలా ఉంది మనవడా?" అని అడిగింది, వాడు "రాయిలా ఉన్నా" అన్నాడు. గుడారం తాడు తట్టుకుని తూలడం నేను చూశాను. రేపు కనుమ మీద ఆ రాయి సంగతి ఆమే చూస్తుందిలే అనుకుని వెళ్ళి పడుకున్నాను.

తెల్లవారేసరికి లూకస్ తన చొక్కా గుండీలు తను పెట్టుకోలేకపోతున్నాడు. తాగినవాడిలా ముద్దముద్దగా మాట్లాడుతున్నాడు. చోరోల్ వాడి వేలికి ఆక్సిజన్ చూసే మిషను తగిలించి అంకె చూసింది. మళ్ళీ చూసింది. లేచి నిలబడింది.

"ఇతనికి ఎత్తు పడలేదు. అందరం కిందికి దిగుతున్నాం. ఇప్పుడే."

పీటర్ ఒప్పుకోలేదు. లోయంతా నడిచింది ఈ కనుమ కోసమేనన్నాడు. హన్నాకి ఇదే ఆఖరి కొండ, ఇక మోకాళ్ళు ఎక్కనివ్వవన్నాడు. ఆకాశం చూస్తే తుడిచిన పళ్ళెంలా ఉంది.

"గైడుని నేనొక్కదాన్నే. గుంపుని విడగొట్టను" అంది చోరోల్.

అప్పుడు పీటర్ తల తిప్పాడు. హన్నా తిప్పింది. ఇద్దరూ నా వంక చూశారు. తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతో పీటర్ అడిగాడు: "మీరు చెప్పండి. కనుమ బాగుందా?"

చోరోల్ కూడా నా వంకే చూసింది. వద్దని తల ఊపలేదు, కళ్ళతో సైగ కూడా చెయ్యలేదు. ఊరికే చూస్తూ నిలబడింది. ఆమె చేతిలో లూకస్ చెయ్యి ఉంది. మిషను పెట్టడానికే పట్టుకుంది, నాకు తెలుసు. కానీ ఇంకా వదల్లేదు.

"బాగుంది" అన్నాను. "నేను దాటిస్తా."

అందులో అబద్ధమేముంది? కనుమ నిజంగానే బాగుంది. పాలుతాగే వయసు నుంచి దాటుతున్నవాణ్ణి, నాకు తెలియదా?

చోరోల్ పీటర్ వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. అందులో ఒక్క మాట నాకు తెలుసు. హస్బెండ్. పీటర్ కనుబొమలు పైకి లేచాయి. హన్నా "ఓ!" అని నన్ను చూసి చిరునవ్వు నవ్వింది. ఈ మాట ఆమె నోటి నుంచి వినాలని నేనెన్ని దుమ్ముదారులు నడిచానో. విన్నాక చూస్తే, చాకిరీ మానేసిన మనిషి తాళం చెవి బల్ల మీద పడేసినట్టుంది.

"ముసలి గుర్రాన్ని నాకివ్వండి, మోరుప్ గారూ" అంది.

ఇద్దరం కలిసి లూకస్‌ని ఎక్కించాం. వాడు నిలబడలేక ముందుకు ఒరిగిపోయాడు. చోరోల్ ఒక చేత్తో కళ్ళెం పట్టుకుని, రెండో చెయ్యి వాడి నడుం చుట్టూ వేసింది. వాడి తల ఆమె భుజం మీద వాలింది. అలాగే దిగువకి నడిచిపోయారు, నా పెళ్ళామూ వాడూ, అంత పెద్ద కొండలో ఇద్దరే. పంపించింది నేనే. పీటర్ సామాను గుర్రాల మీదకెత్తి పైకి దారి తీశాను.

కనుమ దాటించాను. ఒక్క కాలు జారలేదు, ఒక్క సంచి తడవలేదు. కనుమ మీద కట్టిన రంగు ప్రార్థన జెండాల దగ్గర హన్నా ఏడ్చింది, పీటర్ నా భుజం మీద చెయ్యి వేసి ఫోటో తీయించుకున్నాడు, "మా గైడ్" అన్నాడు. బాగానే ఉంది. కానీ నేను వెనక్కి తిరిగి, వచ్చిన లోయ వంకే చూస్తూ ఉన్నాను. అంత దూరం నుంచి ఏం కనిపిస్తుంది?

వాళ్ళని జీపెక్కించి గుర్రాలతో ఇంటికి చేరాను. చోరోల్ మర్నాడు సాయంత్రం వచ్చింది. బట్టల మీద వాడి వాంతి ఎండి అట్టకట్టింది, మోచెయ్యి చీరుకుపోయి ఉంది. చాయ్ ఇచ్చాను. నిన్నటి నుంచి నా నాలుక మీద ఒకటే ప్రశ్న ఉంది, అదే అడిగాను.

"దారంతా వాడు నిన్ను పట్టుకునే ఉన్నాడా?"

ఆమె గిన్నె కింద పెట్టింది.

"వాడికి పట్టుకునే ఓపిక ఉంటేగా. నేనే పట్టుకున్నా. రెండుసార్లు జారిపోయాడు. ఏట్లో ఒకసారి పూర్తిగా పడ్డాడు. ఇద్దరు ఎత్తాల్సిన మనిషి, నీళ్ళల్లో నిలబడి ఒక్కదాన్నే ఎత్తా. ఎత్తలేక నీ పేరు పెట్టి అరిచా. నువ్వు కొండ అవతలున్నావని తెలుసు. తెలిసే అరిచా."

"బతికాడా?"

"ఆసుపత్రిలో ఉన్నాడు. వాళ్ళమ్మ వస్తోంది." గిన్నె పక్కకి నెట్టి అంది, "ముందురోజు కక్కుకోవడం నువ్వు చూశావటగా."

"చెప్పొద్దన్నాడు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే నేనూ నాలుగు అనేవాణ్ణి, వాడి నడుం చుట్టూ చెయ్యి సంగతి కూడా తీసేవాణ్ణి. ఆమె లేచి బట్టలు నానబెట్టుకుంది.

తర్వాతి గుంపుకి ఆమె అంగ్చుక్ అనే కుర్రాడి గుర్రాల్ని పెట్టుకుంది. ఆ తర్వాతి దానికీ అంతే. అంగ్చుక్‌కి ఇంకా పెళ్ళి కాలేదు, పళ్ళు తెల్లగా ఉంటాయి, సన్నగా ఈల వేస్తాడు. నా గుర్రాలు దొడ్లో తిని కొవ్వెక్కుతున్నాయి. నేను లేహ్ సంతలో మార్ఖా వాళ్ళెవరు కనిపించినా ఆపి కబుర్లడుగుతున్నాను. మొన్న పల్జెస్ పెద్దమ్మే ఎదురైంది. చోరోల్ ఇప్పుడు వంటింట్లో కూర్చోగానే అతిథులందరికీ చెబుతుందట, నాకు మొగుడున్నాడు, పేరు మోరుప్ అని. పెద్దమ్మ ఆ మాట నాకు తీపి కబురులా చెప్పింది.

ఈ పొద్దున ఆమె సంచి సర్దుకుంటుంటే అడిగాను.

"నేనున్నానని అందరికీ చెప్తున్నావటగా?"

"చెప్తున్నా."

"అప్పుడు చెప్పమని బతిమాలితే చెప్పలేదు. ఇప్పుడెందుకు?"

చోరోల్ సంచి తాడు లాగి ముడి వేసింది.

"ఇప్పుడు చెప్తే నష్టమేముంది? వాళ్ళు తల తిప్పి చూడ్డానికి నువ్వక్కడ ఉండవుగా" అంది.