ఎదురు నిలబడ్డవాడు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా తాలూకా ఆఫీసులో చప్రాసీ దగ్గర్నుంచి పెద్ద సారు దాకా అందరూ అంటారు. అననీ. టెన్నిస్ విషయంలో మాత్రం నేను ఊరికే కోప్పడను.

1985 జూలై అది. మానుకోట క్లబ్బులో టీవీ ముందు ముప్పై మందిమి కూర్చుని వింబుల్డన్ ఫైనల్ చూశాం. రైల్వే బోర్డు మీద మహబూబాబాద్ అని రాసి ఉంటుంది గానీ మా ఊరిని మేమెవరం అలా పిలవం. తెరంతా చుక్కలు. యాంటెన్నా తిప్పడానికి ఒకణ్ణి మిద్దె మీద నిలబెట్టాం. బెకర్ అనే జర్మనీ పిల్లవాడు, పదిహేడేళ్లవాడు, సర్వీసు చేస్తుంటే మాకు చప్పుడు వినబడిందే గానీ బంతి కనబడలేదు. వాడే గెలిచాడు. నేనూ నోరు వెళ్లబెట్టుకునే చూశాను, అబద్ధమెందుకు.

మర్నాడు సాయంత్రం శ్రీపాల్ మొదలుపెట్టాడు. కాంట్రాక్టరు కొడుకు, ఇరవై ఏళ్లు, వరంగల్‌లో ఇంజినీరింగు చదువుతున్నాడు. ఆ ఏడు జిల్లా ఛాంపియన్ వాడే. వాళ్ల మేనమామ బొంబాయి నుంచి తెచ్చిన కొత్త రకం నల్ల రాకెట్ ఎప్పుడూ చంకలోనే ఉంటుంది.

"నిరంజన్ సార్, మీ ఆస్ట్రేలియా లేవర్ గిప్పుడుంటే గీ పోరనితోని ఒక్క సెట్టన్న గెలుస్తుండెనా?"

"లేవర్ అరవై తొమ్మిదిల నాలుగు పెద్ద పోటీలకు నాలుగు గెలిచిండు. ఒక్క ఏడాదిల. గది కట్టె రాకెట్‌తోని. నీ చేతిల గా కట్టె రాకెట్ వెడితే బంతి నెట్టు దాటిస్తవా నువ్వు?" అన్నాను.

"గప్పుడు అందరు మెల్లగ ఆడిరి. అందుకే గెలిచిండు." వాడు గోడవైపు చూశాడు. "గా ఫోటో కథ గూడ గంతే. నేను గా కాలంల ఉంటే గా జాగల నా ఫోటో ఉంటుండె."

ఇక నా ఒళ్లు మండిపోయింది. మా క్లబ్బు గోడకు ఉన్నది ఒకే ఒక్క ఆటగాడి ఫోటో, వెంకట్రాందే. దాన్ని తీసి శ్రీపాల్ ఫోటో పెడదామని కమిటీవాళ్లు అప్పటికి నెల రోజులుగా గుసగుసలాడుతున్నారు. అడ్డం పడుతున్నది నేనొక్కణ్ణే.

వాళ్లెవరూ అరవై తొమ్మిదిలో వెంకట్రాంను చూడలేదు. నేను చూశాను. తెలంగాణ కావాలని ఊరూరా మండిపోతున్న రోజులు. కాలేజీలు మూతబడ్డాయి. గుమస్తాలం సమ్మెలో ఉన్నాం. నర్సింహులపేట దొరల అబ్బాయి వెంకట్రాం హైదరాబాద్‌లో చదువు ఆగిపోయి మానుకోటలో ఉన్న వాళ్ల ఇంటికొచ్చాడు. యూనివర్సిటీ తరఫున ఆడేవాడు. ఆఫీసర్లు క్లబ్బుకు రావడం మానేశారు, ఆడడానికి తోడు లేదు. అందుకని కోర్టు చూసుకుంటూ, ఆఫీసర్లకు బంతులందిస్తూ ఆట నేర్చుకున్న కట్టయ్యకు ఒక పాత రాకెట్ ఇచ్చి అవతల నిలబెట్టాడు. నాకు పని లేదు, జీతం లేదు. రెండు నెలలు రోజూ పొద్దున్నే బెంచీ మీద కూర్చుని ఆ ఆట చూశాను.

ఏం ఆట అది! వెంకట్రాం బ్యాక్‌హ్యాండ్ కొడుతుంటే ఆ రోజుకు ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో కూడా మర్చిపోయేవాణ్ణి. బంతి నెట్టుకు బెత్తెడు ఎత్తులో వెళ్లి మూలన పడేది. రోజూ ఆరు నాలుగు, ఆరు మూడు, దొరదే గెలుపు. కట్టయ్య బాగానే తట్టుకుంటున్నాడు పాపం అనుకునేవాణ్ణి. తర్వాత ఒక ఊరేగింపులో లాఠీ దెబ్బకు వెంకట్రాం కుడి మణికట్టు విరిగింది. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో మళ్లీ రాకెట్ పట్టలేదు. పట్టి ఉంటే ఎంతదాకా పోయేవాడో అని పదహారేళ్లుగా కనబడ్డవాడికల్లా చెబుతూనే ఉన్నాను.

"కట్టయ్యను అడుగుదాం" అన్నాను శ్రీపాల్‌తో. "అప్పుడు దొరకు ఎదురు నిలబడ్డది ఆయనే. ఇప్పుడు నీకు ప్రాక్టీసు ఇచ్చేది ఆయనే. మిగిలినోళ్లమంత ఒడ్డున కూసొని చూసినోళ్లం, గంతే."

"మంచిది సార్. దొర గొప్పంటే నేను మల్ల నోరెత్త. నేను గొప్పంటే ఫోటో మీ చేతులతోనే తియ్యాలె."

కోపంలో సరే అనేశాను. ఆ వెంటనే తొర్రూరు బస్సెక్కి వెంకట్రాం దగ్గరికి వెళ్లాను. అక్కడ ఆయనకు రైసు మిల్లు ఉంది. అంతా విన్నాడు. ఆఖరికి "ఆదివారం వస్త" అన్నాడు.

ఆదివారం మా కోర్టుకు అలుకు రోజు. కట్టయ్య పుట్టమన్ను జల్లి, రోలర్ తిప్పి, పేడనీళ్లతో కోర్టంతా తన చేత్తోనే అలుకుతాడు. ఆరిన తర్వాత సున్నంతో గీతలు గీస్తాడు. సాయంత్రం మేం వెళ్లేసరికి ఆఖరి గీత పూర్తవుతోంది. వెంకట్రాంకు కుర్చీ వేశారు. కమిటీవాళ్లంతా కూర్చున్నారు. నేను అడగాల్సింది అడిగాను.

కట్టయ్య ముందు దొరను చూశాడు, తర్వాత శ్రీపాల్‌ను చూశాడు. "ఇద్దరు మంచిగనే ఆడుతరు సారూ."

"గది నాకు తెల్వదా? ఎవరు గొప్పనో చెప్పు. నోట్ల ఏమన్న వెట్టుకున్నవా?" అని కసిరాను.

వెంకట్రాం చెయ్యెత్తి నన్ను ఆపాడు. "కట్టయ్యా, నేనొక మాట అడుగుత. గప్పుడు నాతోని ఆడినప్పుడు ఎన్ని బంతులు ఇడిసిపెట్టినవు?"

కట్టయ్య చేతిలో సున్నం కుంచె ఉంది. దాని నుంచి చుక్కలు కాళ్ల మీద పడుతున్నా చూసుకోలేదు.

"మా నాయిన మీ గడీల జీతమున్నోడు దొరా. నీ మీద గెలిచి పోతే నన్ను ఇంట్లకు రానిచ్చునా?"

"ఎన్ని?"

"లెక్కవెట్టలె. గెలుస్తనని అనిపిచ్చినప్పుడల్ల ఇడిసిన."

నా నెత్తిన చన్నీళ్లు గుమ్మరించినట్టయింది. రెండు నెలలు కళ్లప్పగించి చూశాను, ఒక్కనాడు కూడా అనుమానం రాలేదు నాకు. దొర గెలవడం, జీతగాడు ఓడడం మాకు అంత మామూలు. ఆటలో నాకన్నా తెలిసినవాడు లేడని విర్రవీగినందుకు సిగ్గేసింది.

"రెండో నాడే నాకు అనుమానమొచ్చింది" అన్నాడు వెంకట్రాం. "అడిగితే నువ్వు మల్ల రావని భయపడి అడగలె. ఇయ్యాల శ్రీపాల్‌తోని ఆడు. ఒక్కటి గూడ ఇడువకు."

శ్రీపాల్ నవ్వాడు గానీ కాదనలేదు. కట్టయ్యకు అప్పటికి నలభై ఐదు దాటాయి. పంచె ఎగగట్టి, వట్టి కాళ్లతో, క్లబ్బు అలమారాలో పడున్న కట్టె రాకెట్ తీసుకుని నిలబడ్డాడు. శ్రీపాల్ బెకర్‌లాగే సర్వీసు చేశాడు. బంతి వెళ్లినంత వేగంగానే తిరిగొచ్చి వాడి పాదాల దగ్గర పడింది. వాడు వంగేలోపు దాటిపోయింది.

ఆ తర్వాత చూసింది నేను సరిగ్గా చెప్పలేను. కట్టయ్య పరుగెత్తడం నాకు కనబడలేదు. శ్రీపాల్ ఎటు కొడితే అటు ముందే ఉన్నాడు. ఆ నేలను జానెడు జానెడుగా చేత్తో అలికినవాడు, బంతి ఎక్కడ లేస్తుందో, ఎక్కడ లేవదో ఆయనకు తెలుసు. లేవనిచోటే కొడుతున్నాడు. శ్రీపాల్ కూడా తక్కువ తినలేదు. వాడు అంత బాగా ఆడడం నేనెప్పుడూ చూడలేదు. వాడి నల్ల రాకెట్ నుంచి వచ్చే ఒక్కో బంతికి మా గుండెలు ఝల్లుమంటున్నాయి. ఆ బంతులూ తిరిగొస్తున్నాయి. ఇద్దరిలో ఎవరిని చూడాలో తెలియక నా మెడ నొప్పి పెట్టింది. టీవీలో చూసింది ఎప్పుడో మర్చిపోయాను.

నాలుగు గేములు కట్టయ్యవి, మూడు శ్రీపాల్‌వి. అప్పుడు నెట్టు దగ్గర కట్టయ్యకు ఎత్తుగా, మెత్తగా ఒక బంతి వచ్చింది. చిన్నపిల్లలు కూడా కొట్టే బంతి. దాన్ని నెట్టులోకి కొట్టేశాడు. కొట్టి, తన చేతినే చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఇడువాలని లేకుండె దొరా" అన్నాడు. "చెయ్యే ఇడిసింది."

వెంకట్రాం కుర్చీలోంచి లేచాడు. "కట్టన్నా, ఇడువకు."

దొరల ఇంటివాడు కట్టయ్యను అన్నా అని పిలవడం మేమెవరం వినలేదు. తర్వాతి బంతిని కట్టయ్య బ్యాక్‌హ్యాండ్‌తో ఎదుటి మూలకు కొట్టాడు. శ్రీపాల్ కదల్లేదు. మెల్లగా నడిచి వెళ్లి, వంగి, అలుకు మీద పడ్డ మచ్చను చూశాడు. సగం సున్నం మీద ఉంది. "లోపలనే" అని వాడే చెప్పాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

కట్టయ్యవి ఐదు, శ్రీపాల్‌వి నాలుగు గేములయ్యేసరికి కట్టయ్యకు ఊపిరి ఆడలేదు. అక్కడే నేల మీద కూలబడ్డాడు. శ్రీపాల్ నెట్టు దాటి వచ్చి, నీళ్లు తాగించి, తెల్ల ప్యాంటుతోనే ఆ మట్టిలో ఆయన పక్కన కూర్చున్నాడు.

"కట్టయ్యా, ఇప్పుడు చెప్పు" అన్నాడు. గొంతులో వెటకారం లేదు. "నేనా, దొరనా?"

కట్టయ్య ఊపిరి అందుకోవడానికి కాస్త టైము పట్టింది.

"నీతోని ఇయ్యాల ఆడిన పటేలా. ఇసొంటి ఆట నేను పుట్టినంక చూడలె." దొరవైపు తలెత్తి చూడలేకపోయాడు. "దొరతోని నేను ఎన్నడు ఆడకపోతి. నాకెట్ల తెలుస్తది?"

వెంకట్రాం వంకర తిరిగిన మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు గూడ తెల్వకుంటనే పాయె, కట్టన్నా" అన్నాడు.