పిలవకుండా లేచేవి

శవపేటికల దుకాణం ముందు గదిలో ఎవరూ పళ్ళికిలించకూడదన్నది మామగారు పెట్టిన నియమం. ఇప్పుడాయన ఇంట్లో కాళ్ళు చాపుకుని టీవీ చూస్తున్నారు. దుకాణం పెద్దకోడలి నెత్తిన పడింది. దాంతోపాటు మరిదీ, మరిది ముద్దుగా పెంచిన కంప్యూటరూ పడ్డాయి. ఆ ఇద్దరిలో ఎవరు ఆలస్యంగా నిద్రలేస్తారో చెప్పడం కష్టం.

నిజానికి కంప్యూటర్ మంచిదే. కంటబడ్డ ప్రోగ్రామునల్లా మరిది అందులోకి ఎక్కించాడు. మీట నొక్కగానే అవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ లేచేవి. వాతావరణం చెప్పేదొకటి, పాటలు పాడేదొకటి, కంప్యూటర్ ప్రమాదంలో ఉందని గుండెలు బాదుకునేదొకటి. అన్నిటికంటే గొంతు పెద్దది పేకాట. అవన్నీ సర్దుకునేలోగా పెద్దకోడలు కాఫీ తాగి, కప్పు కడిగి, పెట్టెల మీద దుమ్ము కూడా దులిపేసేది.

ఒక ఉదయం ఓ పెద్దావిడ కొడుకుతో వచ్చింది. ముందురోజే భర్త పోయాడు. కొడుకు కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆవిడ మాత్రం చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, పెట్టెల పిడులను పరీక్షగా చూస్తోంది.

పెద్దకోడలు పోయిన పెద్దాయన పేరు కంప్యూటర్లో సగం కొట్టేసరికి తెర బిగుసుకుపోయింది. చేసేదిలేక కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది.

"ఒక్క నిమిషమండీ."

కొడుకు ముక్కు చీదుకున్నాడు. అంతలో బాకా మోగింది.

"శుభాకాంక్షలు! మీ అదృష్టం పండింది! ఇక హాయిగా ఆడుకోండి!" అని పేకాటలోంచి ఓ ఆడగొంతు హుషారుగా అరిచింది. వెనకే చప్పట్లు.

పెద్దకోడలికి చచ్చినంత పనైంది. దాని నోరు మూయించే గుర్తు కోసం తెరంతా వెతికి, దొరక్క, చివరికి స్పీకర్ తీగ పట్టుకుని పీకేసింది.

పెద్దావిడ భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని మంచినీళ్ళు అందించబోతే, ఆవిడ పమిట నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"దీనికెలా తెలిసిందమ్మా? చుట్టాలందరికీ తెలుసు, ఒక్కరైనా ఈ మాట అన్లేదు."

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"నువ్వూరుకో. అమ్మాయ్, మూత గట్టిగా పట్టేది చూపించు."

వాళ్ళు వెళ్ళాక పెద్దకోడలు, బ్యాంకులో పనిచేసే చెల్లెలికి ఫోన్ చేసి, వాటిని లేవకుండా ఆపే దారి కనుక్కుంది. మరిది వచ్చేసరికి టాస్క్ మేనేజర్ తెరిచి, స్టార్టప్ అన్న జాబితా ముందు కూర్చుని ఉంది. లేచేవాటి పేర్లన్నీ అక్కడ వరసగా ఉన్నాయి.

"వదినా, పేకాట తీసేయకు! నా పాయింట్లన్నీ పోతాయి."

"తీసేయట్లేదు. దానంతటది లేవకుండా చేస్తున్నా. కావాలంటే నువ్వే తెరుచుకో."

"పోనీ, వాతావరణం ఉంచు."

"కిటికీ ఉందిగా."

"పాటలు?"

"ఇక్కడ ఎవరు వింటారయ్యా?"

మరిది ఓసారి పెట్టెల వైపు చూశాడు. చివర్లో అక్షరాలూ అంకెలూ కలగలిసిన పేరొకటి మిగిలింది. అదేమిటో ఇద్దరికీ తెలియదు. అయినా ఊపులో ఉంది కదా, పెద్దకోడలు దాన్నీ ఆపేసింది.

మర్నాడు కాఫీ చల్లారకముందే కంప్యూటర్ సిద్ధం. కిక్కురుమనలేదు. ఆమె మురిసిపోతుండగా పెద్దావిడ కొడుకు అంత్యక్రియల్లో పంచే కార్డుల కోసం వచ్చాడు. అచ్చు వేయబోతే ప్రింటరూ కిక్కురుమనలేదు.

"ఆ పేరు తెలీనిది ప్రింటర్‌దే అయ్యుంటుంది వదినా," అన్నాడు మరిది. ఆ ముక్క చెప్పడానికి కుర్చీలోంచి లేచి మరీ నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి అతని మాట నిజమైంది. ఆమె పళ్ళు బిగబట్టుకుని దాన్ని మళ్ళీ స్టార్టప్‌లో పెట్టి, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. ప్రింటర్ కదిలింది.

కొడుకు మొదటి కార్డు తీసి చూశాడు.

"'ప్రియమైన భర్త' అన్నది అమ్మ తీసేయమందండి. పేరూ తేదీలూ చాలంది."

ఆమె తీసేసి మిగతావన్నీ వేసింది. అతను కట్ట చేతికి తీసుకుని కూడా కదల్లేదు.

"నాకోసం ఒక్కటి వేస్తారా? 'ప్రియమైన నాన్న' అని. అమ్మకి చెప్పకండి."

ఆమె వేసింది. అది చేత్తో పట్టుకుంటే నలుగుతుందని, ఎవరూ అడక్కముందే మరిది వెళ్ళి కవరొకటి వెతికి తెచ్చాడు.