అందించిన మాట

మా ఇంట్లో నన్ను బ్రేకులు అని పిలిచేవాళ్లు. ముద్దుగానే లెండి. నాకు నత్తి. మాట మొదలెట్టానంటే మొదటి అక్షరం దగ్గరే బండి ఆగిపోతుంది. మావాళ్లకి ఓపిక తక్కువ, ప్రేమ ఎక్కువ. నేను సగంలో ఉండగానే మిగతాది అందించేసేవాళ్లు. నీళ్లు అడగబోతే అమ్మ, చాడీ చెప్పబోతే అక్క, ఏం చెప్పబోయినా నాన్న. చాలాసార్లు సరిగ్గానే అందించేవాళ్లు, అదే వచ్చిన చిక్కు. కొన్నాళ్లకి నా మనసులో మాట నాకన్నా తమకే బాగా తెలుసనుకున్నారు.

నా చదువు అయిపోయిన ఏడాది నాన్నకి తెలిసిన కళ్లజోళ్ల షాపాయన ఒకాయన మా ఇంటికొచ్చాడు. కళ్లు పరీక్ష చేసే పని నేర్పి తన దగ్గరే పెట్టుకుంటానన్నాడు. షాపు బస్సులో గంట దూరం. నాన్న నా వైపు తిరిగి నీ ఇష్టం ఏమిటని అడిగాడు. అడిగాడు పాపం, కాదనను. నేను నోరు తెరిచాను. మొదటి అక్షరం ప. అక్కడే ఇరుక్కున్నాను.

"మా పిల్లకి ఇష్టం లేదండీ. నలుగురిలో మాట్లాడాలంటే దానికి ప్రాణసంకటం," అని నాన్న తేల్చేశాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడే సంచి సర్దుకుని ఆ షాపుకి వెళ్లిపోయాను. పైనున్న గదిలో అద్దెకి దిగాను. నాన్నకి పంతం ఎక్కువ, నేను ఆయన కూతురినే కదా. ఏళ్ల తరబడి మాటల్లేవు. అమ్మ పోయినప్పుడు కూడా ఒకే గదిలో చెరో గోడకి ఆనుకుని కూర్చున్నాం.

షాపాయన నాకు మొట్టమొదట నేర్పింది ఒకటే. బోర్డు మీది అక్షరాలు చదివేవాళ్లకి అందించకూడదు. తడబడనీ, తప్పు చదవనీ, మనం నోరు మూసుకోవాలి. లేకపోతే కళ్లజోడు తప్పొస్తుంది. ఆ మసక గదిలో కూర్చున్నవాళ్లని చూశాకే నాకు నా మీద జాలి పోయింది. పెద్ద పెద్ద ఆఫీసర్లు, నోరున్న లాయర్లు, కింది వరసకి వచ్చేసరికి అందరూ నీళ్లు నమిలేవాళ్లే. తప్పు చెబితే చులకనవుతామేమోనని అందరికీ లోపల బెదురే. కొందరి నత్తి బయటికి వినిపిస్తుంది, అంతే తేడా. ఇప్పుడు నా పేరు చెప్పడానికి ఎంతసేపు పడితే అంతసేపు తీసుకుంటాను. వినేవాడికి తొందరుంటే వాడి ఖర్మ.

మొన్న మధ్యాహ్నం అక్క నాన్నని తీసుకొచ్చింది. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ మాటా రెండూ దెబ్బతిన్నాయట. పేపరు కనబడటం లేదని, నా దగ్గరికే రావాలని పట్టుబట్టాడట.

కుర్చీలో కూర్చోబెట్టి మూడో వరస చదవమన్నాను. నాన్న పెదవులు కదిలాయి, మాట రాలేదు. పక్కన కూర్చున్న అక్క టక్కున అందించింది. నాన్న అదే పలికాడు. తర్వాతదీ అంతే. ఇలా చేస్తే వచ్చే కళ్లజోడు నీకు సరిపోతుంది గానీ నాన్నకి కాదని అక్కతో అన్నాను. అక్క మూతి ముడుచుకుంది.

ఆ తర్వాత నాన్న ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. నేను ఆగాను. వరస అయ్యాక బోర్డు వదిలేసి నా వైపు చూశాడు. ఏదో చెప్పబోతున్నాడు. మొహం ఎర్రబడింది. ఆ అవస్థ నాకు తెలియనిదా? ఏమంటాడో కూడా నాకు తెలుసు, తప్పయిపోయిందంటాడు. అందించేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన్ని అలా చూడలేకపోయాను. అయినా నోరు మూసుకున్నాను.

"ఆ... ఆ రోజు," అన్నాడు నాన్న. "నువ్... నువ్వేం చె... చెప్పబోయావు?"

నేను అనుకున్నది తప్పు. అందించి ఉంటే ఈ మాట నాకు ఎప్పటికీ దక్కేది కాదు.

జవాబు చెప్పబోయి మళ్లీ ఆ ప దగ్గరే ఇరుక్కున్నాను. అక్క నోరు తెరిచింది. నాన్న ఎడం చేత్తో అక్క మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఇద్దరూ నా మొహం వైపే చూస్తూ కూర్చున్నారు.

"ప... పనికి వెళ్తానని," అన్నాను. "రో... రోజూ సాయంత్రం ఇంటికొచ్చేస్తానని."

నాన్న కళ్లు నిండిపోయాయి. తడి కళ్లకి కళ్లజోడు నంబరు సరిగ్గా రాదు. పరీక్ష ఆపేసి, రేపు మళ్లీ రమ్మన్నాను.