చేతులు కనపడకూడదు

"క్రీమ్ ఇంకా గట్టిపడాలి. ఇలా పల్చగా ఉంటే కేకు మీద నిలవదు," అంది అత్తగారు ఐలి, కుర్చీలోంచి లేవకుండానే. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఆదివారం మధ్యాహ్నం కొడుకింటికొచ్చి, వంటింటి కిటికీ పక్కన కూర్చుని, కోడలి పని మీద తీర్పులివ్వకపోతే ఆవిడకి వారం గడిచినట్టుండదు. కోడలు విర్వె గిన్నెని పొట్టకి ఆనించుకుని గిలకొడుతూనే ఉంది. బయట అక్టోబరు వాన సరస్సు మీద సన్నగా పడుతోంది.

కేకు ఇంట్లోవాళ్ళ కోసం కాదు. రేపు ఆస్పత్రిలో కాఫీకి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు అది. విర్వె అక్కడ పరిశోధన నర్సు. ఎవరి పరిశోధన పేపరుని పత్రికవాళ్ళు అచ్చుకి ఒప్పుకుంటే వాళ్ళు అందరికీ కేకూ కాఫీ ఇవ్వాలని వార్డులో ఆనవాయితీ. పేపరు ప్రొఫెసర్ లెహ్తోది. కేకు మాత్రం విర్వెది. శుక్రవారం ఆయన తలుపులోంచి తల పెట్టి, "సోమవారం రెండింటికి, విర్వె. స్ట్రాబెర్రీలది చెయ్యి. నీ కేకు తింటే గానీ పేపరు అయినట్టుండదు," అన్నాడు. ఆమె నవ్వింది. ఎందుకు నవ్విందో తనకే తెలియదు. పదిహేనేళ్ళుగా ఆయన ఏమన్నా నవ్వుతోంది, అలవాటైపోయింది.

భర్త యార్మో వచ్చి క్రీములో వేలు ముంచి నాకాడు.

"ఎవరి పేపరట?"

"లెహ్తోది. అసలు మా అందరిదీ. ఐదేళ్ళు పట్టింది."

"నీ పేరు వేశారా?"

"చివర్లో. సహకరించిన నర్సులకి ధన్యవాదాలని."

"అంటే వెయ్యలేదన్నమాట," అని యార్మో నవ్వి ఫ్రిజ్ తెరిచాడు. ఇలాంటి విషయాల్లో మాత్రం ఆయన లెక్క ఎప్పుడూ తప్పదు.

పేరు సంగతి కాదు ఆమెని తొలుస్తున్నది. పేరు లేకపోవడం ఆమెకి కొత్త కాదు. శుక్రవారం సాయంత్రం, అచ్చుతప్పులు చూడమని ఆ పేపరు ఆమె చేతికొచ్చింది. అచ్చుతప్పులు చూడటం నర్సుల పని ఎందుకైందో ఎవరూ చెప్పలేదు. బస్సులో చదువుతూ చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయి, తను దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు వెళ్ళిపోయింది. "పంచదార నీళ్ళు వేసిన పిల్లలకీ, ఏ సాయమూ అందని పిల్లలకీ నొప్పిలో తేడా కనిపించలేదు." ఏ సాయమూ అందని పిల్లలు! ఆ మాట చదవగానే ఆమె ఒళ్ళు భగ్గుమంది.

కిలో బరువుండని పిల్లలు వాళ్ళు. రోజుకి ఆరేడుసార్లు మడమ గుచ్చి రక్తం తీయాలి. గొంతులో గొట్టం ఉంటుంది కాబట్టి ఏడుపు బయటికి రాదు. నోరు తెరుచుకుంటుంది, నుదురు ముడతలు పడుతుంది, గదిలో చప్పుడు మాత్రం ఉండదు. ఆ చప్పుడు లేని ఏడుపు చూసిన కొత్త నర్సులు మొదటి వారంలోనే ఉద్యోగం మానేసిన సందర్భాలున్నాయి. గుచ్చేముందు నాలుక మీద రెండు చుక్కలు పంచదార నీళ్ళు వేస్తే నొప్పి తగ్గుతుందా లేదా అన్నది పరిశోధన. నూటయిరవై మంది పిల్లలు. సగం మందికి పంచదార నీళ్ళు, సగం మందికి మామూలు నీళ్ళు. ఏవి ఎవరికి వేశారో నర్సుకీ తెలియదు, మార్కులు వేసేవాళ్ళకీ తెలియదు. కెమెరా పెట్టి ముఖాలు తీశారు. దూరంగా ఇంకో ఊళ్ళో కూర్చున్నవాళ్ళు ఆ ముఖాలు చూసి నొప్పికి మార్కులు వేశారు.

కానీ ఆ వార్డులో మడమ గుచ్చేది ఒక నర్సయితే, ఇంకొకతె ఎప్పుడూ ఎదురుగా నిలబడుతుంది. ఒక అరచెయ్యి పాప తల చుట్టూ, ఇంకో అరచెయ్యి మడిచిన మోకాళ్ళ చుట్టూ. కడుపులో ముడుచుకుని ఉన్నట్టు పాపని ముడిచి పట్టుకుంటుంది. నొక్కదు, నిమరదు, కదలదు. సూది దిగి, రక్తం వచ్చి, పాప ఊపిరి మళ్ళీ కుదుటపడేదాకా అలాగే ఉంటుంది. ఒక్కోసారి పది నిమిషాలు, నడుం పట్టేస్తుంది. విర్వెకి ఇది వార్డులో పాత నర్సు మీర్యా నేర్పింది, మీర్యాకి అంతకుముందున్న నర్సు నేర్పింది. ఏ కాగితంలోనూ లేదు. పరిశోధన మొదలుపెట్టేముందు రాసుకున్న పత్రంలో "రెండో నర్సు సహాయానికి ఉంటుంది" అని రాశారంతే. ఏ సహాయమో రాయలేదు. అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. ఆ నూటయిరవై మంది పిల్లల్లో ప్రతి ఒక్కరి చుట్టూ ఎవరో ఒకరి చేతులున్నాయి. అంత గట్టి ఊతం ఉన్నాక రెండు చుక్కల పంచదార కొత్తగా ఏం చేస్తుంది?

అన్నిటికంటే మంట పుట్టించేది ఇంకొకటి. ఆ చేతుల్ని చెరిపేసింది స్వయంగా తనే. మొదటి నెలలో లెహ్తో వీడియోలు చూసి, "చేతులు కనపడకూడదు. మార్కులు వేసేవాళ్ళ దృష్టి చెదురుతుంది. ముఖం వరకు కత్తిరించు," అన్నాడు. ఆమె కత్తిరించింది. రెండేళ్ళపాటు, రోజూ డ్యూటీ అయ్యాక గంటన్నర కూర్చుని, నర్సులందరి చేతుల్నీ తన చేత్తోనే తీసేసింది. ఎంత నీటుగా చేశావని ఆయన మెచ్చుకుంటే ఆ రోజంతా సంతోషంగా కూడా ఉంది. ఇప్పుడు తలుచుకుంటే తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తోంది.

పేపరు చివర్లో ఇంకో వాక్యం ఉంది. పంచదార చుక్కలు ఆపేయవచ్చు, రక్తం తీయడానికి ఒక్క నర్సు చాలు. రేపు కేకు తిన్నాక వార్డు పెద్ద కూడా అయిన లెహ్తో అదే ప్రకటిస్తాడని అందరికీ తెలుసు. ఎల్లుండి నుంచి ఆ పిల్లలకి చుక్కలూ ఉండవు, చేతులూ ఉండవు.

"ఆ పేపరు తప్పు, యార్మో," అంది విర్వె.

"ప్రొఫెసర్‌కి తెలియని తప్పు నీకు తెలిసిందా?"

"తెలిసింది. ఆ పిల్లల్ని పట్టుకుని నిలబడింది మేం కాబట్టి."

యార్మో చీజు ముక్క నములుతూ ఆమెని జాలిగా చూశాడు. "పట్టుకోవడం కూడా ఒక వైద్యమేనా? చేతులు ఖాళీగా ఉంటే ఎవరైనా పట్టుకుంటారు. నువ్వు ప్రతిదీ మనసుకి తీసుకుంటావు. అదే నీతో వచ్చిన చిక్కు."

ఈ మనిషే సరస్సు ఒడ్డున వేసవి ఇల్లు కట్టాడు. "నేనొక్కణ్ణే కట్టాను, మూడు వేసవులు, ఒంటిచేత్తో," అని వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. వచ్చినవాడు గోడలు తట్టి చూసి మెచ్చుకుంటాడు. ఆ మూడు వేసవులూ ప్రతి చెక్క పలకకీ రెండో చివర పట్టుకుని నిలబడింది విర్వె. దోమలు ముఖమంతా కుడుతున్నా చెయ్యి వదలకూడదు, వదిలితే పలక వంకరపోతుంది. ఆయన మేకు కొట్టి, వెనక్కి జరిగి, చూసుకుని మురిసిపోయేవాడు. ఒకసారి అతిథుల ముందు "నేను కూడా పట్టుకున్నాను" అంది. అందరూ నవ్వారు. అది జోకని ఎలా అనుకున్నారో ఆమెకి ఈనాటికీ అర్థం కాదు.

"నలుగురిని కన్నాను నేను," అంది ఐలి ఉన్నట్టుండి, కిటికీలోంచి వాన చూస్తూ. "నలుగురికీ ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. చావలేదుగా."

"చావలేదు, అత్తయ్యా. కానీ అరవై ఏళ్ళయినా మర్చిపోలేదుగా," అంది విర్వె.

ఐలి తల తిప్పి చూసింది. "క్రీమ్ విరిగిపోతుంది, ఇంక ఆపు," అంది.

సోమవారం పొద్దున బట్టలు మార్చుకునే గదిలో విర్వె మీర్యాకి అంతా చెప్పింది. మీర్యా బూట్ల తాళ్ళు కట్టుకుంటూ వింది. వార్డులో అందరికంటే పెద్దది. మాట కటువు, చెయ్యి మెత్తన.

"నోరు మూసుకో," అంది మీర్యా.

"అక్కా, రేపటి నుంచి..."

"విన్నాను. నాకు ఏడు నెలలుంది రిటైర్మెంటుకి. రాయని పని చేశామని ఒప్పుకుంటే పరిశోధన చెడగొట్టింది మనమే అంటారు. లెహ్తో నిన్ను ఒక్కరోజులో వార్డు మారుస్తాడు, ముసలాళ్ళ విభాగానికి. పో, పోయి కేకు కొయ్యి."

విర్వె పోయి పిల్లల్ని చూసుకుంది. మూడో ఇంక్యుబేటర్లో ఉన్న పాపకి ఇంకా బాప్టిజం కాలేదు కాబట్టి పేరు లేదు. అప్పటిదాకా ఏదో ఒకటి పిలవాలి కాబట్టి వాళ్ళ నాన్న బెర్రీ అంటున్నాడు. తొమ్మిది వందల నలభై గ్రాములు. ఎనిమిదింటికి మడమ గుచ్చాలి. మీర్యా సూది తీసింది, విర్వె రెండు చేతులూ చుట్టింది. విర్వె బొటనవేలంత ఉన్న రెండో పాదం వేళ్ళతో సహా ఆమె అరచేతిలోకి ముడుచుకుంది. సూది దిగింది. నోరు తెరుచుకుంది, ఒక్క క్షణం, మళ్ళీ మూసుకుంది. మీర్యా అది చూసింది. విర్వె మీర్యాని చూసింది.

రెండింటికి కేకు బల్ల మీద ఉంది. పదిహేను మంది నర్సులు, నలుగురు డాక్టర్లు, అందరి చేతుల్లో కాఫీ. లెహ్తో తెర మీద నొప్పి మార్కుల గీతలు రెండు చూపించాడు. రెండూ ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి.

"చూశారుగా. చుక్కలు వేసినా ఒకటే, ఏమీ చెయ్యకపోయినా ఒకటే. పసిపిల్లలు మనం అనుకునేదానికంటే గట్టివాళ్ళు," అని నవ్వాడు. "ఇంక కేకు. మా విర్వె చేసింది."

విర్వె లేచింది.

"ఏమీ చెయ్యకపోవడం అనేది ఎక్కడా జరగలేదండీ. కత్తిరించని వీడియో ఒకటి చూపిస్తాను."

వద్దనేలోపే కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి నొక్కేసింది. తెర మీద పాప ముఖం. దాని చుట్టూ, తెర నిండా, రెండు పెద్ద చేతులు. గదిలో కాఫీ తాగడం ఆగిపోయింది. ఆమె ఇంకొకటి పెట్టింది. ఇంకో పాప, వేరే చేతులు. ఇంకొకటి పెట్టింది.

"మామూలు నీళ్ళు వేసిన పిల్లలకి కూడా ఇవే," అంది. "నూటయిరవై మందికీ. మీరు కొలిచింది ఈ చేతుల మీద పంచదార ఇంకేమైనా చేస్తుందా అని. ఏమీ అందని పిల్లల్ని మీరు ఒక్కర్ని కూడా చూడలేదు."

లెహ్తో ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు. పెంచకుండానే మనిషిని నేలకి తొక్కడం ఆయనకి బాగా వచ్చు.

"చూడమ్మా. అమ్మమ్మలు చేసే లాలన వేరు, సైన్సు వేరు. నీకు ఇది ముందే తెలిసుంటే ఐదేళ్ళు ఎందుకు దాచావు? పరిశోధన నర్సువి కదా. అంటే నా పరిశోధన చెడగొట్టింది నువ్వే అనుకోవాలా?"

"దాచలేదు. మీరే తీసేయమన్నారు. నేను తీసేశాను. నా తప్పు అదొక్కటే."

"ఎవరి చేతులవి? పేర్లు చెప్పు."

నర్సులంతా కప్పుల్లోకి చూస్తున్నారు. విర్వెకి వాళ్ళ మీద అసహ్యం వేసింది. తన మీద కూడా వేసింది. అప్పుడు వెనక వరసలోంచి మీర్యా, విసుగ్గా, ఎవరో తన సీటు లాక్కున్నట్టు అంది: "ఆ మూడోవి నావి. వేలికి కట్టు కనిపిస్తోందిగా. ఆ వారం సూది నా వేలికే దిగింది."

"నావి మొదటివి," అంది ఇంకెవరో. "రెండోవి నావి," అంది ఇంకొకతె.

లెహ్తో కాసేపు బల్ల మీద వేళ్ళతో తట్టాడు. తరవాత చిరునవ్వు నవ్వాడు. తెలివైనవాడు, ఓటమిని కూడా తన కొత్త పేపరుగా మార్చుకోగలడు.

"మంచిది. అయితే తేల్చేద్దాం. ఈసారి సరిగ్గా చేద్దాం. సగం మంది పిల్లలకి చేతులు, సగం మందికి నిజంగానే ఏమీ లేకుండా. నలభై మంది చాలు. మీ చేతులకి అంత శక్తి ఉంటే అందులో తేలిపోతుంది కదా. రేపే మొదలుపెడదాం. విర్వె, నర్సుల డ్యూటీలు నువ్వే రాయి."

డాక్టర్లు తలలాడించారు. న్యాయంగానే ఉంది. చాలా న్యాయంగా ఉంది. చేతులకి విలువ ఉందని రుజువు కావాలంటే ఇరవై మంది పిల్లల దగ్గర చేతులు తీసేయాలి. తీసేసి, వాళ్ళ నోళ్ళు చప్పుడు లేకుండా తెరుచుకుంటుంటే పక్కనే నిలబడి చూడాలి. నిలబడాల్సింది నర్సులు. ఆ జాబితా కూడా తనే రాయాలి. నీటుగా రాస్తే మళ్ళీ మెచ్చుకుంటాడు.

ముసలాళ్ళ విభాగం ఎలా ఉంటుందో విర్వె ఒక్క క్షణం ఊహించుకుంది. అక్కడ కూడా మనుషులే ఉంటారు, వాళ్ళకీ చేతులు కావాలి. భయం దానంతటదే పోయింది.

"డ్యూటీ ఒక్కటే ఉందండీ, నోటితోనే చెప్తాను," అంది. గొంతు ఆమెకే కొత్తగా, నెమ్మదిగా వినిపించింది. "రేపు పొద్దున ఎనిమిదింటికి మూడో ఇంక్యుబేటర్లో పాపకి మడమ గుచ్చాలి. పక్కన చేతులు కట్టుకుని నిలబడే పని మా పదిహేను మందిలో ఎవరూ చెయ్యరు, మీరు రండి. కెమెరా నేనే పట్టుకుంటాను, పాప మీద కాదు, మీ ముఖం మీద."