కన్వర్టర్ ఒకటి

కృపామణి సీపీయూను రెండు చేతులా ఎత్తుకుని, రోడ్డు దాటి వచ్చి బల్ల మీద పెట్టగానే నాగూర్ వలికి జబ్బేమిటో తెలిసిపోయింది. ఇంకా మూత కూడా తియ్యలేదు. వెనక వైపు ఒక్కసారి చూశాడు, అంతే. నరసరావుపేట కోర్టు రోడ్డులో ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్న మనిషి. ఆ మాత్రం తెలియకపోతే స్క్రూడ్రైవర్ పట్టుకోవడమే దండగ.

నిజానికి జబ్బు చాలా చిన్నది. పాత కంప్యూటర్లో ఆమె గ్రాఫిక్స్ కార్డు తెచ్చి పెట్టుకుంది. కార్డు పెట్టాక బొమ్మ ఆ కార్డులోంచే బయటికి వస్తుంది కాబట్టి మానిటర్ వైరు కూడా కార్డుకే తగిలించాలి. ఆమె మానిటర్ పాతది. దాని వైరు కార్డుకున్న కొత్తరకం రంధ్రంలో పట్టదు. పట్టకపోయేసరికి ఎప్పటి చోటే తగిలించింది. కార్డు ఉన్నంతసేపూ ఆ చోటు పనిచెయ్యదు. మధ్యలో బొటనవేలంత కన్వర్టర్ ఒకటి పెడితే సరిపోతుంది. అలాంటివి వలి సొరుగులో మూడున్నాయి.

"కార్డు పెడితే తెర నల్లంగా ఉంటందన్నా. తీసేస్తే మామూలుగా వస్తంది. రాత్రి నుంచి ఇదే తంతు," అంది కృపామణి. "రేపు పదకొండింటికి దుర్గి నుంచి బ్రహ్మయ్యగారు వస్తన్నారు. నువ్వు తప్ప నాకు దిక్కు లేదన్నా."

బ్రహ్మయ్య శిల్పాలు చెక్కించే పెద్దమనిషి. ఉలి పనికి తోడు ఈ మధ్య రాయి చెక్కే మిషను కూడా కొన్నాడు. ఆ మిషనుకు బొమ్మను కంప్యూటర్లో తయారుచేసి ఇవ్వాలి, ముందూ వెనకా పక్కలూ అన్నీ ఉండేలా. కృపామణి ఎనిమిది నెలలు యూట్యూబు చూసి చూసి ఆ విద్య పట్టింది. ఒక నందిని భాగాలు భాగాలుగా చేసి చివర అన్నీ కలిపింది. దాన్ని తెర మీద గుండ్రంగా తిప్పి చూపిస్తే ఏడాది పొడుగునా పని ఆమెదే. కార్డు లేకపోతే నంది కదలదు, కదిలించబోతే కంప్యూటరే బిగుసుకుపోతుంది. అందుకని కుట్టుమిషను అమ్మి, గుంటూరులో వాడిన కార్డొకటి కొనుక్కొచ్చింది. మొగుడు పోయిన దగ్గర్నుంచి పగలు టైపు, సాయంత్రం కుట్టుపని చేసుకుని బతుకుతున్న మనిషి. ఆ రెండోది కాస్తా ఈ కార్డు పాలైంది.

వలి చెయ్యి సొరుగు వైపు వెళ్లిన మాట నిజమే. అబద్ధం చెప్పకూడదు. కానీ 'నువ్వు తప్ప దిక్కు లేదు' అన్న మాట చెవిలో తియ్యగా తగిలింది. ఆ మాట ఇంకోసారి వినాలనిపించి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఎందుకంటే, ఆరేళ్లు ఆమె అతని దగ్గరే టైపు చేసింది. వకాల్తాలు, దావా ప్రతులు, అఫిడవిట్లు, ఎవరిదైనా కంప్యూటర్ బాగుచేస్తే దాని రసీదూ. అతను వైర్లు చుడుతూ చెప్పేవాడు, ఆమె కొట్టేది: "ర్యామ్ ఒకటి, ఫ్యాను ఒకటి, కన్వర్టర్ ఒకటి." అవేమిటో, ఎలా ఉంటాయో ఏనాడూ చూపించలేదు. ఒకసారి ఆమె స్క్రూడ్రైవర్ ముట్టుకుంటే "ఆడోళ్ళకెందుకమ్మా ఈ దుమ్ము" అని లాక్కున్నాడు. తన విద్య తన చేతుల్లోనే ఉండాలి. ఆమె వేళ్లు మాత్రం తన షాపులో ఆడాలి.

రెండేళ్ల కింద ఆమె ఎదురుగానే రేకుల గది తీసుకుని సొంతంగా కూర్చుంది. వకీళ్ల గుమస్తాలు ఆ వేళ్ల వెంటే రోడ్డు దాటారు. ఏరు దాటాక తెప్ప తగలేసిందని వలి ఊరంతా చెప్పుకున్నాడు. ఆమె దాటింది ఏరు కాదు, ముప్పై అడుగుల తారు రోడ్డు. అయినా అతనికి అది కృష్ణానదంత కనపడింది.

"కూర్చోమ్మా, చూద్దాం," అని మూత విప్పాడు.

అప్పుడు మొదలైంది నాటకం. ముందు ర్యామ్ ఊడదీసి ఆమె చేతికిచ్చి, పిల్లల రబ్బరొకటి ఇచ్చి రుద్దమన్నాడు. ఆమె ఇరవై నిమిషాలు రుద్దింది. మళ్లీ పెట్టి ఆన్ చేశాడు, తన మానిటర్ వైరు కావాలనే పాత చోటే తగిలించాడు. తెర నలుపు. బోర్డు మీది బ్యాటరీ పీకి, పది నిమిషాలాగి పెట్టాడు. నలుపు. కార్డు పీకి పెట్టాడు, నలుపు. తెర నల్లబడిన ప్రతిసారీ ఆమె మొహం కూడా నల్లబడుతోంది. అది చూడ్డం అతనికి బాగుంది. ఇంత చెడ్డవాణ్ణని వలికే అంతవరకూ తెలియదు. తెలిశాక కూడా పెద్ద బాధేం కలగలేదు.

"కార్డు ఫ్యాను తిరుగుతంది గదన్నా? బాగున్నట్టే గదా?"

"ఫ్యాను తిరిగితే బతికున్నట్టా? శవానికి విసనకర్ర విసిరితే లేచి కూర్చుంటదా?"

ఆమె నవ్వలేదు. మళ్లీ రబ్బరు తీసుకుని కార్డు అంచు రుద్దసాగింది. ఎందుకు రుద్దుతోందో ఆమెకే తెలియదు, అన్న చెప్పాడు గనక రుద్దుతోంది. మెడ మీదికి చెమట కారుతోంది. చూసి చూసి వలికి మనసు కొంచెం కరిగింది. ఇక చాల్లే, సొరుగు తెరిచి కన్వర్టర్ తీసి, ఆమె కళ్లముందే తగిలించి, తెర వెలిగించి, 'ఇదీ వలి అంటే' అనిపించుకుందామనుకున్నాడు. సొరుగు పిడి పట్టుకుని కొంచెం లాగాడు కూడా.

సరిగ్గా అప్పుడే వకీలు గుమస్తా రాజారత్నం కట్టలు చంకన పెట్టుకుని మెట్టు దగ్గర ఆగాడు.

"ఏంది వలీ, కృపామణిగారి సిస్టమా? తొందరగా చూసియ్యి. నా పిటిషను ఆమె దగ్గర ఆగిపోయింది."

ఆమె కృపామణిగారు, తాను వలీ. తన దగ్గర జీతానికి చేసిన మనిషికి గారు, తనకు 'చూసియ్యి'. వలి సొరుగును మోకాలితో లోపలికి నెట్టాడు.

"కార్డు పోయిందమ్మా," అన్నాడు. "గుంటూరోళ్ళు నీకు చచ్చినదాన్ని అంటగట్టారు."

"వాపసు తీసుకోరంటన్నా."

"చచ్చినదాన్ని ఎవరు తీసుకుంటారు?"

రెండు గంటలు కష్టపడినందుకు డబ్బివ్వబోతే వద్దన్నాడు. అన్నా, నీ మంచితనం మర్చిపోనని ఆమె దండం పెట్టింది. నమ్మినవాళ్లను నట్టేట ముంచేవాళ్లు చాలామంది ఉంటారు గానీ, ముంచినందుకు దండం పెట్టించుకునేవాళ్లు తక్కువ.

మర్నాడు శుక్రవారం. చెప్పినట్టే పదకొండింటికి బ్రహ్మయ్య వచ్చాడు. వలి తన కుర్చీ కాస్త బయటికి జరుపుకున్నాడు. ఎదురుగా రేకుల గదిలో తెర మీద నంది ముఖం కనిపిస్తోంది, గంటలతో సహా. బ్రహ్మయ్య కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

"ఎదర నుంచి చానా బాగుందమ్మా. మువ్వలు కూడా లెక్క తప్పలా. రాయికి వీపు కూడా ఉంటది గదా, ఏదీ తిప్పు."

ఆమె తిప్పబోయింది. తెర బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ పెట్టింది. పది నిమిషాలకు నంది ముఖం వచ్చింది. తిప్పబోతే మళ్లీ అదే. మూడోసారీ అంతే.

"కార్డు పోయిందయ్యా. నా చేతకానితనం కాదు. కావాలంటే వలి అన్నను అడగండి," అని ఆమె కేకేసింది. "అన్నా, ఒక్కసారి రా అన్నా!"

వలి నింపాదిగా రోడ్డు దాటాడు.

బ్రహ్మయ్య మర్యాదగానే అడిగాడు. "అమ్మాయి పని నాకు నచ్చింది. ఒక వారం ఆగుతా. ఆలోగా ఈ కంప్యూటర్ బాగవుద్దా చెప్పు నాయనా."

కృపామణి వలి మొహంలోకి చూసింది. అవుద్దని ఒక్క మాట అంటే చాలు. రోడ్డు దాటి వెళ్లి సొరుగు తీస్తే అయిదు నిమిషాల్లో అయ్యే పని.

"కష్టమయ్యా," అన్నాడు వలి. "కార్డు ఒక్కటే గాదు. బండే పాతది. దీంతో ఇట్టాంటి పెద్ద పనులు కావు. మీ పని చెడగొట్టుకోవద్దు."

బ్రహ్మయ్య లేచాడు. మిషను ఖాళీగా ఉంచలేనని, చిలకలూరిపేటలో ఇంకెవరో ఉన్నారని, మనసులో పెట్టుకోవద్దని చెప్పి కారెక్కాడు. కృపామణి నంది ముఖం వైపు చూస్తూ కూర్చుంది. ఇంతలో జుమ్మా నమాజుకు వేళయిందని వలి టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు దేవుణ్ణి ఏమడిగాడో అతనికే తెలియాలి.

నెల తిరక్కుండా రేకుల గదికి తాళం పడింది. సాయంత్రాలు కుట్టుపని చేసుకోడానికి మిషను లేదు, ఒక్క టైపు మీద అద్దె గడవదు. వాళ్లమ్మ దగ్గరికి అచ్చంపేట వెళ్లిపోతూ సీపీయూ, దాని మీద కార్డు పెట్టె తెచ్చి వలి బల్ల మీద పెట్టింది.

"మన ఫరాకి ఇవ్వన్నా. చదువుకునే పిల్ల. నాకు ఇంక దీంతో పనేముంది?"

ఫరా వలి కూతురు. సివిల్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కాలేజీలో ఎవరి లాప్‌టాప్ చెడినా "మా నాన్నకు తెలీని కంప్యూటర్ లేదు" అని సంచిలో వేసుకొచ్చేది. వలికి లోకంలో ఏ పొగడ్తా దాని ముందు ఆనదు. ఆ మాట కోసమే అతను పొద్దున్నే షాపు తెరిచేవాడంటే అతిశయోక్తి కాదు. సీపీయూ ఇంటికి తెచ్చాడు. షాపు నుంచి మానిటర్ తెస్తానన్నాడు. తెస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి రోజూ మర్చిపోయాడు.

మూడో ఆదివారం మధ్యాహ్నం ఫరాకు ఓపిక నశించింది. టీవీకి వచ్చే వైరును సెట్‌టాప్ బాక్సు దగ్గర పీకింది. ఆ వైరు పాత కంప్యూటర్లో ఎక్కడా పట్టలేదు. కృపామణి ఇచ్చిన పెట్టెలోని కార్డు తీసి చూస్తే దానికి మాత్రం అచ్చం అలాంటి రంధ్రమే ఉంది. ఫోన్లో వీడియో చూసి కార్డు బిగించింది, వైరు తోసింది.

"నా సినిమా ఏమైందే?" అని నాయనమ్మ మాబున్నీసా మంచం మీద నుంచి అరుస్తుండగానే టీవీ నిండా కృపామణి కంప్యూటర్ వెలిగింది. ఫరా ఒక బొమ్మ నొక్కింది. నంది లేచింది. ముఖం, మూపురం, వీపు, తోక, మళ్లీ ముఖం. ఎక్కడా ఆగకుండా నున్నగా తిరిగింది.

అన్నం తింటున్న వలి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నాన్నా! కార్డు బాగానే ఉంది! చూడు!" పిల్ల గంతులేస్తోంది. "ఉండు, అత్తకి చూపిస్తా. ఎంత సంతోషపడుద్దో!"

"వద్దు, ఇప్పుడెందుకు" అని అతను ఎంగిలిచేత్తో లేచేలోగా వీడియో కాల్ కలిసింది. కృపామణి అచ్చంపేటలో మిరపకోతలో ఉంది. తలకు గుడ్డ, వెనక ఎర్రటి చేను. వేళ్లు మండుతున్నాయేమో, ఫోను రెండు మణికట్ల మధ్య ఇరికించి పట్టుకుంది. ఆ వేళ్ల కోసమే ఒకప్పుడు కోర్టు రోడ్డు గుమస్తాలు వరసలో నిలబడ్డారు.

"అత్తా, నీ నంది తిరుగుతంది! కార్డు చావలేదు. టీవీ వైరు పెడితే వచ్చేసింది. పాత మానిటర్‌కయితే మధ్యలో చిన్నది ఒకటి పెట్టాలంట. కన్వర్టర్ అంటారంట."

కృపామణి ఫోనును మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. తెర మీద తన నంది తిరగడం చూస్తోంది. ఫరా ఫోను అలాగే పట్టుకుని తండ్రి వైపు తిరిగింది. "అదేంది నాన్నా, నువ్వు చూడలేదా ఇది?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెలుసంటే దుర్మార్గుడు, తెలియదంటే చేతగానివాడు. ఇరవై రెండేళ్ల పేరు ఒక పక్క, కూతురి మొహం ఒక పక్క. వలి పేరునే వదులుకున్నాడు.

"తట్టలేదమ్మా," అన్నాడు. "ఈ మధ్య కళ్లు సరిగా ఆనటం లేదు."

ఫరా మొహం జాలితో మెత్తబడింది. ఆ జాలి అతనికి చెంపదెబ్బ కంటే ఎక్కువే తగిలింది. అయినా గండం గడిచిందనుకున్నాడు.

"కన్వర్టరా?" అని ఫోన్లోంచి కృపామణి గొంతు వచ్చింది. నెమ్మదిగా అడిగింది. "ఆ మాట నేను చానాసార్లు టైపు కొట్టానమ్మా ఫరా. ఆరేళ్లు కొట్టా. మీ నాన్న చెప్తంటే. 'కన్వర్టర్ ఒకటి' అని. అదేందో నాకు తెలవదు. చెప్పిన ఆయనకి తెలుసు."

వెనక చేలోంచి ఎవరిదో కేక వినిపించింది. "ఉంటానమ్మా. మేస్త్రి అరుస్తన్నాడు," అని పెట్టేసింది.

"ఆ ఎద్దు తిరిగింది చాల్లే గానీ నా సినిమా పెట్టవే," అంది మాబున్నీసా.

ఫరా టీవీ వైపు చూడలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డ తండ్రి ముందుకు వచ్చి చెయ్యి చాపింది.

"షాపు తాళాలియ్యి నాన్నా."

"ఎందుకు?"

"నీ సొరుగులో కన్వర్టర్ ఉందేమో చూడాల."

వలి ఎడమచెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. తాళాలు అందులోనే ఉన్నాయి. తియ్యడానికో, దాచడానికో అతనికే తెలియలేదు గానీ చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఫరా చాపిన చెయ్యి కొంతసేపు అలాగే ఉంచింది. తర్వాత దించుకుంది.

"వద్దులే. తెలిసింది," అంది.

ఆ తర్వాత ఆ పిల్ల ఎవరి లాప్‌టాప్ కూడా ఇంటికి తీసుకురాలేదు.