అక్క పాఠం

నా తమ్ముడు శాంసన్ పాట జూలై ఒకటో తేదీ, మంగళవారం నాడు పోయింది. శాంసన్ అంతకు నలభై రోజుల ముందే పోయాడు. ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక జరిపాం. సోమవారం అద్దె కుర్చీలు, గిన్నెలు తిరిగి అప్పగించాను. మంగళవారం బడికి వచ్చాను. నాచారం హైస్కూల్లో తెలుగు చెప్తాను.

మూడో పీరియడ్ నాకు ఖాళీ. స్టాఫ్‌రూంలో కూర్చుని సంచిలోంచి శాంసన్ హాజరు పట్టీ తీశాను. ప్రతి నెలా ఒకటో తేదీన యూట్యూబ్‌లో వాడి పాటను ఎంతమంది విన్నారో చూసి అందులో రాసుకునేవాడు. మే నెల గడిలో వాడి చేతిరాతతో 3,18,402 ఉంది. జూన్ గడిలో నా చేతిరాత. జూలైది నింపుదామని ఫోన్‌లో వెతికాను. పాట కనిపించలేదు.

పక్కన నోటుబుక్కులు దిద్దుతున్న లెక్కల టీచర్ హిమజ నా ఫోన్ అందుకుంది.

"పాతది తీసేసిన్రు మేడం. ఇయ్యాల్నే మల్ల కొత్తగ పెట్టిన్రు, సౌండ్ మంచిగ జేసి." ఆమె స్క్రీన్ కిందికి జరిపింది. "కని పేరు తేజేష్ అని ఉన్నది."

విన్నాను. గొంతు శాంసన్‌దే. పైన తేజేష్ ఫొటో, కింద తేజేష్ పేరు. విన్నవాళ్లు నూట పన్నెండు మంది. పాత వీడియోతోపాటు దాని కింద జనం రాసిన మాటలు కూడా పోయాయి. నాగారం నుంచి ఎవరో 'మా కంపెనీల ప్యాకింగ్ జేస్తడు ఈ అన్న' అని రాశారు. శాంసన్ దాన్ని అందరికీ చూపించేవాడు.

పదహారేళ్ల కిందట శాంసన్ టీవీ పాటల పోటీలో చివరి ఎనిమిదిమందిలోకి వచ్చాడు. ప్రేక్షకుల ఎస్సెమ్మెస్‌లు లెక్కబెట్టి విజేతను తేల్చారు. తేజేష్ గెలిచాడు. ఎవరికి ఎన్ని వచ్చాయో మాత్రం చెప్పలేదు. శాంసన్ రెండుసార్లు టీవీ ఆఫీసుకు వెళ్లి అడిగాడు.

"ఓడిపోయినందుకు కాదక్కా," అన్నాడు నాతో. "ఎన్ని ఓట్లతోని ఓడిపోయిన్నో చెప్పాలె గదా? మీ బడిల పిల్లగాడు ఫెయిలైతే మార్కులు చెప్తరా, చెప్పరా?"

పోటీ తర్వాత ఎనిమిదిమంది పాటలతో ఒక ఆడియో కంపెనీ సీడీ వేసింది. అట్టమీద తేజేష్ ఫొటో. ఏ పాట ఎవరిదో ఎక్కడా లేదు. తర్వాత ఐదుగురికి సొంత సీడీలు వచ్చాయి. శాంసన్‌కు రాలేదు. అప్పుడే వాడు నన్ను ఒక హాజరు పట్టీ అడిగాడు. బడిలో మిగిలిపోయినది ఒకటి ఇచ్చాను. ఎడమవైపు ఎనిమిది పేర్లు, పైన నెలలు. ప్రతి ఒకటో తేదీన డ్యూటీ దిగి ఉప్పల్ చౌరస్తాలోని అచ్యుతరావు సీడీల దుకాణానికి వెళ్లి, ఎవరి సీడీలు ఎన్ని అమ్ముడయ్యాయో అడిగి రాసుకునేవాడు. సంతకం లేని రిజిస్టరు చెల్లదని నేను చెప్పినందుకు, కింద అచ్యుతరావుతో సంతకం పెట్టించేవాడు. సీడీ లేనివాళ్లకు మేం బడిలో రాసినట్టే 'ఆ' అని రాసేవాడు. అంటే ఆబ్సెంట్. వాడి వరుసలో వాడే ఎనిమిదేళ్లు 'ఆ' రాసుకున్నాడు. కంపెనీ పాటలన్నిటినీ విడివిడిగా యూట్యూబ్‌లో పెట్టిన తర్వాతే ఆ వరుసలోకి అంకె వచ్చింది. మూడేళ్లలో అది తేజేష్ అంకెను దాటింది. శాంసన్ ఆ గడి చుట్టూ ఎర్రసిరాతో గీత గీశాడు. అంతే.

హిమజ కంపెనీ నంబరు సంపాదించి ఇచ్చింది. మెత్తగా మాట్లాడే కుర్రాడు ఎత్తాడు.

"అది మా తమ్ముడు పాడిన పాట," అన్నాను. "పేరు సరిచేయండి."

"తప్పకుండా చూస్తామండి. కానీ పాత మాస్టర్ ఫైల్ మీద పేరు లేదు మేడం. అందుకే విన్నర్ పేరు పెట్టాం."

"పేరు లేకపోతే ఖాళీగా వదలాలి. ఇంకొకరి పేరు ఎలా పెడతారు?"

అతను ఎవరినో అడిగి మళ్లీ వచ్చాడు.

"మేడం, మీ బ్రదర్ ఎపిసోడ్లు ఇప్పుడే చూశామండి. ఆయనది బాగా లోకల్ యాస. జడ్జిగారు కూడా అదే అన్నారు కదా. ఈ పాటలో ఉచ్చారణ చాలా శుద్ధంగా ఉంది. ఈ గొంతు ఆయనదే అని మేమెలా నమ్మాలి చెప్పండి?"

నేను ఫోన్ పెట్టేశాను. ఆ కుర్రాడు నా మీద గొంతు పెంచలేదు.

జడ్జి ఏమన్నాడో నాకు గుర్తు చెయ్యనక్కర్లేదు. శాంసన్ ఒక పాటలో 'చూడు' అనేచోట 'సూడు' అన్నాడు. 'బాబూ, మైకు ముందుకొచ్చే ముందు నాలుక కడుక్కుని రావాలి' అన్నాడు ఆ పెద్దమనిషి. హాలంతా నవ్వింది. శాంసన్ కూడా నవ్వి దండం పెట్టాడు. ఆ తర్వాత సీడీకి వాడికిచ్చిన పాట 'చూడవే చెరువులోన చిన్ని చందమామ' అని మొదలవుతుంది. వాడి నోట అది 'సూడవే సెరువులోన సిన్ని సందమామ' అయ్యేది. రికార్డింగుకు ముందు పదకొండు రోజులు నేనే వాడి నోరు దిద్దాను. తెలుగు టీచర్ని కదా. పన్నెండోరోజు వాడు ఒక్క తప్పు లేకుండా పాడి వచ్చాడు. అంటే, వాడి నోట్లోంచి వాడి ఆనవాలు తీసేసినదాన్ని నేనే. ఇప్పుడు వాళ్లు దాన్నే నాకు చూపించి, ఇది మీవాడు కాదంటున్నారు. వాళ్లు ఎగతాళి చేసి పొమ్మన్న యాసే ఈరోజు వాళ్లకు కావలసిన రుజువు.

తేజేష్‌కు కూడా ఫోన్ చేశాను. ఇప్పుడు పాడటం లేదట.

"నాది కాదని నాకు తెలుసు మేడం," అన్నాడు. "శాంసనన్నతోని నేనెట్ల పోటీ? కని నేను నోరు తెరిస్తే నా పాటలు గూడ తీసేస్తరు. ఉన్నయే ఆ నాలుగు."

రాసి ఇమ్మని అడిగాను. లైను కట్టయింది.

శనివారం బడి అయిపోయాక హాజరు పట్టీ తీసుకుని ఉప్పల్ వెళ్లాను. అచ్యుతరావు దుకాణం మెట్రో పిల్లర్ పక్కన అదే మడిగెలో ఉంది. ఇప్పుడు ఫోన్ కవర్లు, అద్దాలు అమ్ముతున్నాడు.

"టీచరమ్మా, గిన్నొద్దులకు యాదికొచ్చిన్నా?" అని స్టూలు జరిపాడు. పట్టీ చూడగానే అతని ముఖం మారింది. "మీ తమ్ముడు ఒకటో తారీకు రాంగనే, ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చిండు, సీడీలు లైన్ల పెట్టున్రి అనేటోణ్ణి. ఒక్క సీడీ కొన్నది లేదు. సంతకాలు మాత్రం కలెక్టర్ కన్న ఎక్కువ పెట్టించిండు నాతోని."

జరిగింది చెప్పాను.

"గట్లెట్ల అంటరు? నేను చెప్త! నా సంతకాలు లేవా ఇందుల?"

"మీ సంతకం ఎన్ని అమ్ముడయ్యాయో చెప్తుంది, అచ్యుతరావన్నా. ఎవరు పాడారో చెప్పదు."

అతను కోపంగా పేజీలు తిప్పుతూ వెనక అట్టదాకా వెళ్లాడు. అక్కడ టేపుతో అంటించిన చిన్న కవరు ఉంది. దానిమీద శాంసన్ చేతిరాతలో 'అక్క పాఠం' అని ఉంది. లోపల పాత ఫోన్ మెమరీ కార్డు. పదహారేళ్లు నేను ఆ అట్ట తిప్పి చూడలేదు.

అచ్యుతరావు కార్డును కంప్యూటర్‌కు పెట్టి మీట నొక్కాడు. దుకాణంలో ఇద్దరు ముగ్గురు కొనేవాళ్లు ఉన్నారు. స్పీకర్లోంచి ముందు శాంసన్ గొంతు వచ్చింది. 'సూడవే సెరువులోన'. వెంటనే ఒక ఆడమనిషి గొంతు.

"చ! చ అనరాదా నీకు? ఏం నోరురా అది, పాడు నోరు! టీవీల నా ఇజ్జత్ తీసినవ్. మల్ల పాడు. సక్కగ నా దిక్కు సూసి పాడు!"

తర్వాత శాంసన్ నవ్వు.

"అక్కా, సూసి అన్నవ్ నువ్వే!"

"ఎక్కువ మాట్లాడకు. పాడు."

వాడు పాడాడు. చూడవే చెరువులోన చిన్ని చందమామ. ప్రతి అక్షరం నేను చెప్పినట్టే ఉంది.

ఫోన్‌కు అద్దం వేయించుకుంటున్న అమ్మాయి నావైపు చూసి తల దించుకుంది. అచ్యుతరావు స్పీకర్ ఆపాడు.

"గిది మీరేనా టీచరమ్మా?" అన్నాడు.

"నేనే."

"మస్తు రుజువు దొరికింది," అన్నాడు, కంప్యూటర్ వైపే చూస్తూ. కార్డులోని దాన్ని నా ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చాడు.

సోమవారం హిమజకు వినిపించాను. ఒకే రికార్డులో, ఒకే గొంతులో, యాసతోనూ యాస లేకుండానూ అదే పాట. ఇంతకన్నా ఏం కావాలి?

"మీరు తిట్టింది కట్ చేసి పంపుదాం మేడం," అంది హిమజ మెల్లగా. "రెండు నిమిషాల పని."

ఆ మాట కోసమే ఆమెకు వినిపించానేమో. సరే అనబోయాను. కానీ అది తీసేస్తే వాడి నవ్వు కూడా పోతుంది. పైగా కత్తిరించినది వింటే, ఎలా నమ్మాలని వాళ్లు మళ్లీ అడుగుతారు. మొత్తం పంపించాను. ఉత్తరం నాలుగు వాక్యాలు రాశాను. 'మొదటి గొంతు నా తమ్ముడు శాంసన్‌ది. రెండోది నాది. అతని ఉచ్చారణ మార్చింది నేను. పేరు మార్చింది మీరు.'

ఆ రోజు ఏడో తరగతిలో మానస అనే పిల్ల పాఠం చదువుతూ 'సెరువు' అంది. నేను దిద్దలేదు. మర్నాడు దిద్దాను. పరీక్షలో మార్కులు పోతాయి.

కంపెనీ నుంచి జవాబు వచ్చింది. మీ ఫిర్యాదు అందింది, పరిశీలనలో ఉంది అని. మూడు వారాల తర్వాత ఫోన్ చేస్తే, మెత్తగా మాట్లాడే ఆ కుర్రాడు అక్కడ మానేశాడన్నారు. కొత్తగా ఎత్తినాయన నన్ను మొదటినుంచి చెప్పమన్నాడు. చెప్పాను. ఆడియో మళ్లీ పంపమన్నాడు. పంపాను. విన్నారా అని మర్నాడు అడిగితే, అంత పొడుగుది కాకుండా ముప్పై సెకన్లది పంపగలరా అన్నాడు. పంపనన్నాను.

ఆగస్టు ఒకటిన చూశాను. తేజేష్ పేరుతో ఆ పాటను తొమ్మిది వేల ఆరువందల నలభై మంది విన్నారు. ఆ అంకెను తేజేష్ వరుసలో రాయలేదు, అది అతనిది కాదు. శాంసన్ వరుసలో రాస్తే ఆ పేరు కింద ఉన్న లెక్కను నేను ఒప్పుకున్నట్టు అవుతుంది. 'ఆ' అని కూడా రాయలేదు.

జూలై, ఆగస్టు గడులు ఖాళీగా ఉన్నాయి. పాట కింద పేరు ఇంకా మారలేదు.